చవక ఫోను వచ్చింది... ఎవరి చేతికి?

చంద్రశేఖరపురం బస్టాండు దగ్గర ఓ సెల్‌ఫోన్ల కొట్టు. పొద్దున పదకొండయింది. పక్క పల్లె నుంచి ఆటోలో వచ్చిన తల్లీ కూతుళ్లు అద్దాల బల్ల ముందు నిలబడి ఉన్నారు. తల్లి కొంగుముడి ఇంకా విప్పలేదు. ఇంటరు చదివే కూతురు మాత్రం ఒక ఫోను మీద నుంచి చూపు తిప్పడం లేదు.

"ఏందన్నా, ఇంతకంటే తక్కువలో లేదా?"

"ఎందుకు లేదమ్మా! బొత్తాల ఫోను పదిహేనొందల్లోపే వస్తది. మాట్లాడుకోడానికి అది చాలదా?"

"మాట్లాడేదానికి కాదన్నా. కాలేజీ వాళ్లు పాఠాలన్నీ వాట్సాపులో పెడతన్నారంట. కాయితాలు కూడా అందులోనే పంపాలంట."

"మీ ఆయన కాడ పెద్ద ఫోనే ఉండాది గదా?"

"ఉండాది. ఆయనా, ఆ ఫోనూ హైదరాబాదులో ఉండారు. ఆధార్‌కి కూడా ఆయన నంబరే ఇచ్చినాం. ఓటీపీ ఆడికి పోతది. ఆయన పని ఆపి, చూసి, చెప్పేలోపల ఈడ టైము దాటిపోతది."

కొట్టతను నవ్వాడు. తల్లి నవ్వలేదు.

ఇది ఆ ఒక్క తల్లి మాట కాదు. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు... ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో ఏ ఊళ్లో ఏ సెల్ కొట్టు ముందు నిలబడినా ఇలాంటి మాటలే చెవిన పడతాయి. వానను నమ్ముకున్న సేద్యం, ఫ్లోరైడు నీళ్లు, ఏళ్ల తరబడి ఎదురుచూపులు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టు... పని వెతుక్కుంటూ మగవాళ్లు హైదరాబాదుకో, బెంగుళూరుకో వెళతారు. ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు, చదువుకునే పిల్లలు, ముసలివాళ్లు. ఇంటికున్న ఒక్క మంచి ఫోను మాత్రం మగవాడి జేబులో పడి ఊరు దాటిపోతుంది.

"పేదవాడి చేతికి స్మార్ట్‌ఫోను" అన్న మాట పదిహేనేళ్లుగా వింటున్నాం. కంపెనీలు చెప్పాయి, ప్రభుత్వాలు చెప్పాయి. పేదవాడి చేతికి సరే, మరి పేదరాలి చేతికో? ఆ లెక్క ఎవరూ తీయలేదు. పోనీ, మనమే తీద్దాం.

మోజు కాదు, అవసరం

ఒకప్పుడు ఫోను ఉంటే సౌకర్యం. ఇవాళ లేకపోతే నష్టం. తేడా చిన్నది కాదు.

అంగన్‌వాడీ కేంద్రాన్నే తీసుకోండి. 2021లో కేంద్ర ప్రభుత్వం పోషణ్ ట్రాకర్ అనే యాప్ తెచ్చింది. గర్భిణుల వివరాలు, పిల్లల బరువులు, ఇచ్చిన సరుకులు అన్నీ అందులోకి ఎక్కాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు తల్లి ముఖాన్ని ఫోనుతో సరిచూసే పద్ధతి తప్పనిసరి చేశారు. ఆమె వివరాలు నమోదు కావాలంటే ముందు ఆధార్‌కు జతపడిన నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు హైదరాబాదులో ఉన్న పెనిమిటిదైతే? కడుపుతో ఉన్న తల్లికి రావాల్సిన సరుకుల తాళంచెవి ఎక్కడో రెండు మూడు వందల మైళ్ల దూరాన ఉన్నట్టే గదా!

ఉపాధి హామీ పనులకు 2023 జనవరి 1 నుంచి హాజరు కూడా యాప్‌లోనే వేయాలన్నారు. పని జరిగే చోట మేట్ రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పంపాలి. మేట్లలో చాలామంది ఆడవాళ్లే. మంచి ఫోను లేకపోయినా, కొండ పక్కన సిగ్నల్ అందకపోయినా ఆమె ఒక్కత్తే కాదు, ఆమెతో పాటు పార పట్టినవాళ్లందరి కూలీ చిక్కున పడుతుంది.

ఇక 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' ప్రారంభించింది. 95523 00009 అనే నంబరుకు వాట్సాపులో సందేశం పెడితే సర్టిఫికెట్లు, బిల్లులు, అర్జీలు... మొదటి రోజునే 161 సేవలు. మండలాఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మంచి పనే. కాకపోతే, వాట్సాప్ ఉన్నవాళ్లకే మంచి పని.

మరి ఎంతమందికి ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం లెక్క చూడండి. 'నా ఫోను' అని తాను వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు నూటికి 49 మంది. బొత్తాల ఫోనైనా సరే, అదీ కలిపి. ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన మగవాళ్లు నూటికి 49 మంది ఉంటే, ఆడవాళ్లు 21 మంది. దేశం మొత్తం మీద ఆడవాళ్లు 33 మంది. అంటే కంప్యూటర్లకు పేరుపడ్డ మన రాష్ట్రం, ఆడవాళ్ల విషయంలో దేశం సగటు కన్నా వెనకబడింది. ఆ సర్వే తర్వాత కొన్నేళ్లు గడిచాయి, ఫోన్లు పెరిగాయి. ఇంట్లో ఎవరి తర్వాత ఎవరికి అన్న వరస మాత్రం ఊళ్లో చూస్తే తెలిసిపోతూనే ఉంది. ముందు మగవాడు, తర్వాత కొడుకు, ఆ తర్వాత కూతురు, చిట్టచివర అమ్మ!

మనవాళ్లు చేసిన ప్రయత్నం

చవక ఫోను కథ చైనాతోనో అమెరికాతోనో మొదలుపెట్టడం అలవాటైపోయింది. మనవాళ్ల కథా ఒకటుంది.

2009లో హైదరాబాదులో సెల్‌కాన్ అనే కంపెనీ పుట్టింది. వై. గురు దాని అధిపతి. పెద్ద కంపెనీల ఫోను కొనలేనివాళ్లకు తక్కువ ధరలో, రెండు సిమ్ములు పట్టే ఫోన్లు అమ్మడం వాళ్ల పద్ధతి. మొదట్లో అందరిలాగే చైనాలో చేయించి తెచ్చి అమ్మేవాళ్లు. పల్లె కొట్లలో వాళ్ల బోర్డులు వెలిశాయి. 2013లో వెస్టిండీస్‌లో జరిగిన మూడు దేశాల క్రికెట్ పోటీకి 'సెల్‌కాన్ కప్' అన్న పేరు పెట్టే స్థాయికి ఎదిగారు. చివరి ఓవర్లో ధోనీ గెలిపించిన పోటీ అదే. 2015లో మేడ్చల్‌లో, 2017లో తిరుపతిలో సొంత ఫ్యాక్టరీలు తెరిచారు.

అంతకు ముందే ఉత్తరాదిన మైక్రోమాక్స్ ఇలాంటి దారే పట్టింది. 2008లో అది తెచ్చిన ఫోనుకు ఒకసారి చార్జి చేస్తే 30 రోజులు వస్తుందని ప్రచారం. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని పల్లెలో అసలు అవసరం ఏమిటో వాళ్లు కనిపెట్టారు. ఆఫ్రికాలో ట్రాన్షన్ అనే చైనా కంపెనీ చేసిందీ అదే. టెక్నో, ఐటెల్ అన్న పేర్లతో ఎక్కువ సిమ్ములు పట్టే ఫోన్లు, నల్లని మేనిఛాయను ఉన్నదున్నట్టు తీసే కెమెరాలు పెట్టి ఆ ఖండంలో పెద్ద కంపెనీలను వెనక్కి నెట్టింది. కొనేవాళ్లెవరో తెలుసుకుని చేసిన వస్తువు నిలబడుతుంది. ఇందులో పెద్ద రహస్యం లేదు.

మరి మన కంపెనీలెందుకు నిలబడలేదు? 2014లో షియోమీ వచ్చింది. కొట్టు అద్దె, మధ్యవర్తుల వాటా లేకుండా ఇంటర్నెట్‌లోనే అమ్మి, రెడ్‌మీ 1ఎస్ ఫోనును రూ. 5,999కే ఇచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. రాత్రికి రాత్రి దేశం 4జీ వైపు తిరిగింది. అప్పటికి మన కంపెనీల గిడ్డంగుల్లో ఉన్నవి ఎక్కువగా 3జీ ఫోన్లు. ఆ నవంబరులోనే పెద్దనోట్ల రద్దు! నగదుతో నడిచే పల్లె కొట్లలో బేరాలు పడిపోయాయి. ఒకటి తర్వాత ఒకటిగా మూడు దెబ్బలు. సెల్‌కాన్ తిరుపతి ఫ్యాక్టరీ తెరిచేటప్పటికే ఆట చేయి దాటింది. 2017 చివరికల్లా షియోమీ దేశంలో మొదటి వరసకు చేరింది. మన కంపెనీలు ఆ వరస నుంచి తప్పుకున్నాయి.

కంపెనీ పడిపోతే యజమానికే నష్టం అనుకుంటాం. కొన్నవాళ్లకూ నష్టమే. కంపెనీ వెనకబడితే సర్వీసు సెంటరు మూతపడుతుంది, బ్యాటరీ దొరకదు, తెర పగిలితే వేసేవాడుండడు. కూలి డబ్బుతో కొన్న ఫోను ఇనప్పెట్టెలో బొమ్మయిపోతుంది.

చవక అన్న మాట వెనక

చవక పేరు చెప్పి మోసపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2011 అక్టోబరులో 'ఆకాశ్' టాబ్లెట్ వచ్చింది. ప్రపంచంలోనే చవకైనదన్నారు. డేటావిండ్ కంపెనీది. మొదటి విడత మన హైదరాబాదులోనే కూర్చారు. ప్రభుత్వానికి పడిన ధర రూ. 2,276. విద్యార్థుల చేతికిచ్చి చూస్తే నెమ్మది నడక, తొందరగా అయిపోయే చార్జి, వేలితో గట్టిగా నొక్కితే గాని పలకని తెర. పిల్లల చదువులు మార్చేస్తుందన్న ఆశ కొద్దికాలంలోనే చల్లారింది.

2016 ఫిబ్రవరిలో ఇంకో వింత. 'ఫ్రీడమ్ 251' అని రూ. 251కే స్మార్ట్‌ఫోనన్నారు! రెండు కిలోల పప్పు ధర కూడా కాదు. జనం ఎగబడి పేర్లు నమోదు చేసుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీ యజమాని మోసం కేసులో అరెస్టయ్యాడు. చీటీ పాటల్లో మోసపోయిన మనకు ఇది కొత్త పాఠం కాదు. మరీ చవకగా వస్తుందంటే, మనకు కనపడని చోట ఎవరో మూల్యం చెల్లిస్తున్నారన్న మాట. ఆ ఎవరో ఒక్కోసారి మనమే.

నిజాయితీగా తయారుచేసిన చవక ఫోనులో కూడా ధర ఎక్కడ తగ్గుతుందో తెలుసుకోవాలి. జ్ఞాపకశక్తి, అదే మెమరీ, తక్కువ పెడతారు. కెమెరా నాసిరకం వేస్తారు. ముందుగానే నాలుగైదు యాప్‌లు ఎక్కించి, ప్రకటనలు చూపించి ఆ డబ్బు రాబట్టుకుంటారు. ఇంకా ముఖ్యమైనది... రెండు మూడేళ్లకు కొత్త మార్పులు పంపడం ఆపేస్తారు. ఫోను బాగానే ఉంటుంది, అందులో యాప్‌లు మాత్రం ఒక్కొక్కటే మొరాయిస్తాయి.

జియోఫోను సంగతే చూడండి. 2017లో రూ. 1,500 డిపాజిట్ కట్టించుకుని ఇచ్చారు. బొత్తాల ఫోనే అయినా తర్వాత అందులో వాట్సాప్ కూడా వచ్చింది. ఎందరో ఆడవాళ్లు మొదటిసారి పిల్లల ఫోటోలు అందులోనే చూసుకున్నారు. ఆ ఫోన్లలో నడిచే కైఓఎస్ పద్ధతికి వాట్సాప్ తన సేవను 2025 నాటికి నిలిపేసింది. సరిగ్గా అదే ఏడాది మన ప్రభుత్వ సేవలు వాట్సాపులోకి వచ్చాయి! ఇందులో ఎవరి కుట్రా లేదు. కానీ ఒక చేత్తో తలుపు తెరుస్తుంటే ఇంకో చేత్తో మూసినట్టయింది. తలుపు అవతల మిగిలిపోయింది ఎవరు? ఉన్నవాటిలో తక్కువ ధర ఫోను వాడుకుంటున్న ఆడవాళ్లే.

కొన్న రోజు ధర ఒకటే ధర కాదు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఫోను రూ. 6,999 అనుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలీ రూ. 307. అంటే ఫోను కోసం ఆమె 23 రోజులు పార పట్టాలి. ఆ 23 రోజులూ ఇంట్లో ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా ఉంటేనే.

అక్కడితో అయిపోలేదు. 2024 జులైలో ప్రైవేటు టెలిఫోను కంపెనీలు రేట్లు పెంచాయి. ఎయిర్‌టెల్‌లో 28 రోజుల కనీస పథకం రూ. 179 నుంచి 199కి, జియోలో రూ. 155 నుంచి 189కి చేరింది. నెల అంటే వాళ్ల లెక్కలో 28 రోజులు. అంచేత ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు వేయించాలి. 199ని 13తో హెచ్చవేయండి. రూ. 2,587. మూడేళ్లకు రూ. 7,761. అంటే ఫోను ధర కన్నా అందులో పోసే డబ్బే ఎక్కువ! రోజూ వీడియో పాఠాలు చూడాలంటే ఆ కనీస పథకం చాలదు, ఇంకా పెద్దది వేయించాలి.

ఇంట్లో రెండు ఫోన్లుంటే రెండు రీచార్జులు. డబ్బు చాలనప్పుడు ఏది ఆగుతుంది? మగవాడిది ఆగదు, పని పోతుంది. కొడుకుది ఆపితే గోల చేస్తాడు. అమ్మ ఫోనుకు గడువు దాటిపోయినా ఎవరూ పట్టించుకోరు. "ఇంట్లోనే ఉంటావుగా, నీకెందుకు" అంటారు. ఎక్కువ రోజులు వేయించకపోతే ఆ నంబరే రద్దయి ఇంకొకరికి పోతుంది. ఆధార్‌కూ బ్యాంకుకూ డ్వాక్రా పొదుపుకూ ఇచ్చిన నంబరు అదే అయితే, మళ్లీ అన్ని ఆఫీసులూ తిరగాలి.

దీనికి తోడు పన్ను. 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. 2025 సెప్టెంబరులో ఎన్నో వస్తువుల మీద పన్ను తగ్గించినప్పుడు కూడా ఫోన్లకు మినహాయింపు రాలేదు. లక్ష రూపాయల ఫోనుకూ 18 శాతమే, ఏడు వేల ఫోనుకూ 18 శాతమే. సేవలన్నీ ఫోనులో పెట్టిన ప్రభుత్వాలు, ఆ ఫోను మీద పేదలకు ఒక్క రూపాయి తగ్గించకపోవడం న్యాయమేనా?

చేసే చేతులు... పట్టుకోని చేతులు

ఈ కథలో ఇంకో విడ్డూరం ఉంది. ఆ చవక ఫోన్లు తయారుచేసేది ఎవరనుకుంటున్నారు? మన ఆడపిల్లలే!

2015లో ఫాక్స్‌కాన్ సంస్థ తడ దగ్గర శ్రీసిటీలో ఫోన్ల ఫ్యాక్టరీ పెట్టింది. ఆ ఆగస్టులో షియోమీ విశాఖపట్నంలో సభ పెట్టి, ఇక్కడే తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసింది. ధర రూ. 6,999. ఆ ఫ్యాక్టరీలో బల్లల ముందు కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ అమ్మాయిలే. పదో తరగతి, ఇంటరు చదివి చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. సన్నని పని, ఓపికగా చేస్తారని వాళ్లనే తీసుకున్నారు. 2021లో వచ్చిన జియోఫోన్ నెక్స్ట్ కూడా తిరుపతిలోనూ, తమిళనాడు శ్రీపెరుంబుదూరులోనూ కూర్చిందే.

ఈ ఉద్యోగాలను చిన్నచూపు చూడకూడదు. పొలం పని తప్ప ఇంకోటి తెలియని ఇళ్ల నుంచి వెళ్లి, నెల తిరిగేసరికి బ్యాంకు ఖాతాలో జీతం చూసుకున్న పిల్ల వేరే మనిషవుతుంది. పెళ్లి నాలుగేళ్లు వాయిదా వేయించగలుగుతుంది. తమ్ముడి ఫీజు కడుతుంది. మొదటి జీతంతో కొనేది చాలాసార్లు తన సొంత ఫోనే!

అయితే ఆ బల్ల వెనక సంగతులూ తెలియాలి. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఐఫోన్లు కూర్చే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ అమ్మాయిలు హాస్టలు తిండి తిని జబ్బుపడ్డారు. వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. తోటివాళ్లు జాతీయ రహదారి మీద బైఠాయించారు. ఫ్యాక్టరీ కొన్ని వారాలు మూతపడింది. ఆ వసతి బాగోలేదని కంపెనీలే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2024 జూన్‌లో ఆ ఫ్యాక్టరీలోనే పెళ్లయిన ఆడవాళ్లను తీసుకోవడం లేదని రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాన్ని నివేదిక అడిగింది. అవి ఖరీదైన ఫోన్లే కావచ్చు. కూర్చే చేతులు మాత్రం ఒకలాంటి ఇళ్ల నుంచి వచ్చినవే. అంటే పుట్టింట్లో ఉన్నంత కాలం ఫోను తయారుచేయడానికి పనికొస్తుంది. మెడలో తాళి పడ్డాక తయారుచేయడానికీ పనికిరాదు, సొంతంగా పట్టుకోవడానికీ పనికిరాదు. ఇదేం లెక్క?

"ఆడపిల్లకి ఫోనెందుకు?"

ధర, పన్ను, రీచార్జి... ఇవన్నీ డబ్బుతో తీరే చిక్కులు. డబ్బుతో తీరనిది ఒకటుంది. ఆడపిల్ల చేతిలో ఫోను చూస్తే ఇంట్లో వాళ్లకు కలిగే భయం.

"పాడైపోతది" అంటారు. "ఎవడితోనో మాట్లాడతది" అంటారు. ఆ భయాన్ని తీసిపారేయలేం. ఫోటోలు మార్చి బెదిరించేవాళ్లు, అప్పు యాప్‌ల పేరుతో వేధించేవాళ్లు ఉన్న మాట నిజం. పోలీసుల దాకా వెళ్లలేక ప్రాణం తీసుకున్నవాళ్లున్నారు. కానీ ఆలోచించండి. రోడ్డు మీద లారీలు తిరుగుతున్నాయని పిల్లను బడికి పంపడం మానేశామా? పక్కకి నడవడం నేర్పాం. ఫోనూ అంతే. దాచేస్తే పిల్ల దొంగచాటుగా చూస్తుంది. ఏదైనా జరిగితే ఇంట్లో చెప్పడానికి భయపడుతుంది. మోసగాడికి కావలసింది ఆ భయమే.

ఇంకో మాట. ఫోను ఇచ్చినట్టే ఇచ్చి, సిమ్ కొడుకు పేర, పాస్‌వర్డు భర్త చేతిలో పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. అది ఆమె ఫోను కాదు. ఆమె మోస్తున్న ఫోను.

మనం చేయగలిగినవి

కంపెనీలు, ప్రభుత్వాలు మారేవరకూ చేతులు కట్టుకుని కూర్చోలేం కదా. రేపు ఫోను కొనబోతున్న అక్కచెల్లెళ్లకు కొన్ని మాటలు:

ముందు నంబరు, తర్వాత ఫోను. ఓటీపీ రావడానికి స్మార్ట్‌ఫోనే అక్కర్లేదు, బొత్తాల ఫోనైనా చాలు. కానీ సిమ్ మీ పేర ఉండాలి. ఆధార్‌కు, బ్యాంకుకు మీ నంబరే ఇవ్వాలి. ఆధార్ కేంద్రానికి ఒక్కసారి వెళ్లి మార్పించుకోండి.

కొట్టులో ధరతో పాటు రెండు ప్రశ్నలడగండి. ఈ ఫోనుకు ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి? బాగుచేసే సర్వీసు సెంటరు కనిగిరిలోనో మార్కాపురంలోనో ఉందా, లేక ఒంగోలు పోవాలా? జవాబు తడబడితే ఇంకోటి చూపించమనండి.

వాయిదాల మీద కొంటే వడ్డీతో కలిపి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. "నెలకింతేనమ్మా" అన్న మాట దగ్గర ఆగిపోవద్దు.

తెలుగులో పెట్టించుకోండి. మన దేశంలో అమ్మే ఫోన్లలో 22 భారతీయ భాషలు చదువుకునే వీలుండాలని భారతీయ ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. అది మీ హక్కు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా ఇవాళ్టి ఫోను తెలుగులో రాసిపెడుతుంది.

ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. బిల్లు వెనక రాసి దాచుకోండి. ఫోను పోతే సంచార్ సాథీ ద్వారా దాన్ని పనిచేయకుండా చేయించవచ్చు. మీ పేర ఎన్ని సిమ్ములున్నాయో కూడా అందులో తెలుస్తుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు, మీరు కాదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. పది వేల లోపు ఫోన్ల మీద పన్ను తగ్గించమనాలి. పని కోసం యాప్ వాడమన్నప్పుడు ఫోనూ, రీచార్జీ ప్రభుత్వమే ఇవ్వాలనాలి. ఓటీపీ రాలేదన్న కారణంతో ఏ తల్లికీ సరుకులు ఆపకూడదనాలి. డ్వాక్రా సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు ఈ మాటలూ లేవనెత్తితే వినక తప్పదు. సారా వద్దని ఊరూరా కదిలిన ఆడవాళ్లకు అడగడం ఎవరూ నేర్పక్కర్లేదు.

పలక నాటి మాట

ఈ ప్రాంతానికి ఒకప్పుడు పేరు తెచ్చింది పలక. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తెలుగువాళ్లు ఓ తరంలో తక్కువ. భూమిలోంచి రాయి తీసి, పలచగా చీల్చి, చెక్క చట్రం బిగించి దేశదేశాలకు పంపారు. బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాశాం.

పలక కొనడం కూడా ఆ రోజుల్లో పేద ఇంటికి ఖర్చే. అయినా బడికి పంపిన ప్రతి బిడ్డకూ ఒక పలక కొన్నారు. అన్న పలక అన్నదే, చెల్లి పలక చెల్లిదే. "ఇంటికొక పలక చాల్లే, అందరూ వాడుకోండి" అన్న తండ్రి ఉన్నాడా? పలక పంచుకుంటే చదువు రాదని చదువురాని తల్లులకూ తెలుసు.

ఫోను దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటుపోయింది?

చంద్రశేఖరపురం కొట్టులో ఆ తల్లి చివరికి కొంగుముడి విప్పింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. కొట్టతను బిల్లు పుస్తకం తెరిచి, అలవాటు చొప్పున అడిగాడు.

"పేరు చెప్పమ్మా... మీ ఆయన పేరు."

ఆమె ఒక్క క్షణం కూతురి వైపు చూసింది.

"ఆయన పేరెందుకన్నా? నా పేరు రాయి. సిమ్ కూడా నా పేరు మీదే ఇయ్యి."

ఫోను చవకైనదే. ఆ మాట మాత్రం చవకైనది కాదు.